చీర మీద అంగి



గత వారం హాస్టల్ మెస్ గురించి రాశాను. మీ వ్యాఖ్యలన్నీ చదువుతున్నాను, జవాబులు మెల్లగా ఇస్తాను. ఈ వారం తిండి నుంచి బట్టకు వస్తున్నాను.

నా దగ్గర డిగ్రీలో తెలుగు చదువుకున్న ఒక అమ్మాయి ఇప్పుడు ఒక డిజైన్ సంస్థలో పీజీ చివరి ఏడాదిలో ఉంది. వరంగల్ వైపు మాదిగ కుటుంబం. తల్లి పత్తి చేలకు కూలికి పోతుంది. అమ్మాయి చదువుతున్నది ప్రింటెడ్ టెక్స్‌టైల్ డిజైన్. అంటే బట్ట మీద వచ్చే అచ్చును గీయాలి, రంగులు కుదర్చాలి, ఆ బట్టతో ఒక దుస్తుల వరస కుట్టించాలి, చివరికి దాని మీద నాలుగైదు నిమిషాల ఫ్యాషన్ ఫిల్మ్ తీయాలి. సంస్థకు ఇంగ్లీషులో ప్రాజెక్టు రిపోర్టు ఇస్తుంది. అది కాక, తన కోసం తెలుగులో ఒక నోట్‌బుక్ రాసుకుంది. ఏ రంగు ఎందుకు పెట్టింది, ఎక్కడ చెరిపేసింది, జ్యూరీ ఏమన్నది, తనకేమనిపించింది, అన్నీ అందులో ఉన్నాయి. దాన్ని నాకు పంపి, "మేడం, చదివి చెప్పండి. నేను ఆలోచించేది తప్పా?" అని అడిగింది.

తప్పు కాదని ఫోన్లో చెప్పాను. ఎందుకు కాదో ఇక్కడ రాస్తున్నాను. ఆమె అనుమతితోనే రాస్తున్నాను. ఆమె పేరు, సంస్థ పేరు వద్దని ఇద్దరం కలిసే అనుకున్నాం.

1

పత్తి ఏరే ఆడవాళ్లను చూడనివాళ్లు ఈ పేజీ చదివేవాళ్లలో తక్కువే ఉంటారు. చీర మీద మగవాళ్ల పాత ఫుల్ చేతుల అంగి. తలకు తువ్వాల. నడుముకు ఒడి. అంగి ఎందుకంటే ఎండకు, దుమ్ముకు, మందు కొట్టిన ఆకు ఒంటికి రాసుకోకుండా, ఎండిన పత్తికాయ మొనలు చేతులు గీరకుండా. ఆ అంగి కింద ఉన్నది దాదాపు ఎప్పుడూ పూల చీరే. సింథటిక్ చీర. పెద్ద పెద్ద పూలు, ముదురు రంగులు.

ఈ అమ్మాయి తన ప్రాజెక్టుకు ఈ వేషాన్నే తీసుకుంది. చీర, దాని మీద అంగి. కాకపోతే అంగి పాతది కాదు, ఎవరో తొడిగి విడిచింది కాదు. తాను అచ్చు గీసి, ఆడవాళ్ల కొలతలతో కుట్టించింది. మూడు ప్రింట్లు చేసింది. ఒకటి పత్తికాయ మొన. ఒకటి అంగి గుండీలు. మూడోది, నాకు బాగా నచ్చింది, కొంగు ముడి.

ప్రింట్ డిజైన్‌లో రిపీట్ అనేది పెద్ద పని. ఒక చతురం గీస్తారు. అది పక్కపక్కన, పైన కింద పడుతూ పోవాలి. ఎక్కడ అతికిందో కంటికి తెలియకూడదు. కొంగు ముడి దగ్గర ఈ అమ్మాయి ఆగిపోయింది. నోట్‌బుక్‌లో ఇలా రాసుకుంది: "అమ్మ కొంగు ముడి ఏ రోజుది ఆ రోజే. ఒకరోజు అందులో బస్సు చార్జీ ఉంటది. ఒకరోజు తలనొప్పి గోళీ. ఒకరోజు నాకు తెచ్చిన రేగుపండ్లు. ఒకరోజు ఏమీ ఉండదు, ఊరికే ముడి. ఒకే ముడిని వెయ్యి సార్లు వేస్తే అది అలంకారం అయిపోతది, అమ్మ పోతది."

అందుకని ఏడు రోజులకు ఏడు ముళ్లు గీసింది. ఏడూ ఒకే రిపీట్‌లో పట్టించింది. దూరం నుంచి చూస్తే మొగ్గల్లా ఉంటాయి. దగ్గరికి వస్తే ముళ్లు. వాటిలో ఒకటి ఖాళీ.

ఈ ప్రింట్లను ఆమె పాలిస్టర్ మీద వేయించింది. సబ్లిమేషన్ అంటారు. డిజైన్‌ను ముందు కాగితం మీద ప్రింట్ చేసి, దాన్ని బట్ట మీద పెట్టి రెండు వందల డిగ్రీల దాకా వేడితో ఒత్తుతారు. రంగు ఆవిరై నూలులోకి దిగుతుంది. ఈ పద్ధతి పాలిస్టర్‌కే పనికొస్తుంది, పత్తి బట్టకు పట్టదు. ఆమెకు ఇది తెలుసు. తెలిసే ఎంచుకుంది. అమ్మ కట్టే బట్ట ఏదో దాని మీదే తన పని ఉండాలనుకుంది.

జ్యూరీ మూడు మాటలన్నది. మొదటిది: "మీ ప్రాంతంలో కలంకారీ ఉంది కదా, ఆ వారసత్వాన్ని వదిలి ఈ చవక పాలిస్టర్ ఎందుకు?" రెండోది: "మీ సమాజపు బాధ ఇందులో ఎక్కడుంది? ఇన్ని రంగులేమిటి?" మూడోది సినిమా చూశాక: "ఇది డాక్యుమెంటరీ. ఫ్యాషన్ కాదు."

ఈ మూడు మాటలకూ మూలం ఒక్కటేనని నా వాదన. తన బట్టను తాను ఎంచుకుని, దాన్ని కట్టుకుని, నన్ను చూడండి అని నిలబడే హక్కు ఈ దేశంలో కొందరికే ఉంది. మిగతావాళ్లు పనిలోనో, బాధలోనో, వారసత్వంలోనో కనిపించాలి.

2

మొదట కలంకారీ. నాకు దాని మీద కోపం లేదు. కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో బట్టను నానబెట్టి, పటికతో ఎరుపు పట్టించి, బెల్లంలో ఇనుము ఊరబెట్టి నలుపు తీసి, మళ్లీ మళ్లీ ఉతికి ఆరేసే ఆ పని ఓపిక గలవాళ్ల పని. శ్రీకాళహస్తిలో కలంతో గీస్తారు, మచిలీపట్నం పక్కన పెడనలో చెక్క అచ్చులతో అద్దుతారు. వరంగల్ పత్తి చేను నుంచి చూస్తే రెండూ దూరపు ఊళ్లే. తెలుగు అనగానే కలంకారీ అనడం, తెలుగు సాహిత్యం అనగానే ప్రబంధం అనడం లాంటిది.

అయినా వారసత్వం పేరు ఎత్తారు కాబట్టి, ఆ కథ మొత్తం చెప్పుకుందాం. మన తీరం అద్దకం బట్ట ఓడలెక్కి యూరప్ పోయింది. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ 1611లోనే మచిలీపట్నంలో తన వర్తక స్థావరం పెట్టుకుంది. ఉతికినా రంగు పోని ఈ పూల బట్ట అక్కడ ఎంత పాకిందంటే, ఫ్రాన్సు 1686లో దాన్ని నిషేధించింది, 1759 దాకా ఆ నిషేధం నడిచింది. ఇంగ్లండ్ 1700లో దిగుమతి ఆపుతూ ఒక చట్టం, 1721లో అద్దకం పత్తి బట్ట కట్టుకోవడాన్నే ఆపుతూ ఇంకో చట్టం చేసింది. 1774 దాకా అది ఎత్తేయలేదు. 1719లో లండన్ నేతగాళ్లు వీధుల్లో పూల గౌన్లు తొడుక్కున్న ఆడవాళ్ల మీద పడి బట్టలు చింపారు. నేతగాళ్ల బతుకు తెరువు గొడవ అందులో నిజంగానే ఉంది. దాంతో పాటు ఆనాటి రాతల్లో ఇంకో ఏడుపు కూడా కనిపిస్తుంది: పనిమనిషి, యజమానురాలు ఒకేలా కనిపిస్తున్నారని.

ఈ ఏడుపును గుర్తుపెట్టుకోండి. పట్టు మీద జరీ పువ్వు కావాలంటే దాన్ని దారం దారంగా నేయాలి. అది డబ్బున్నవాళ్ల పువ్వు. అద్దకం ఆ పువ్వును అగ్గువ చేసింది. అగ్గువైన పువ్వు కూలి చేసే ఆడమనిషి ఒంటి మీదకు వచ్చింది. ఎవరు ఎవరో బట్ట చూసి చెప్పడం కష్టమైంది. అదే కొందరికి నచ్చలేదు.

మన దగ్గర ఇదే సంగతి కులం రూపంలో ఉంది. కేరళ దక్షిణాన తిరువాన్కూరు సంస్థానంలో నాడార్ స్త్రీలు రొమ్ము కప్పుకునే హక్కు కోసం దశాబ్దాలు కొట్లాడారు. 1859లో రాజు ఒప్పుకున్నాడు. ఒప్పుకుంటూ ఒక మెలిక పెట్టాడు. కప్పుకోవచ్చు, కానీ పై కులాల ఆడవాళ్లు కప్పుకునే తీరులో మాత్రం కాదు. బట్ట ఇచ్చారు, పోలిక ఇవ్వలేదు.

మా అమ్మమ్మ తరం ఒంటి మీదకు వచ్చింది ఎక్కువగా ఇంకొకరు కట్టి విడిచిన చీర. పండుగకు దొరసాని పాత చీర ఇచ్చేది, అది ఫలానా దొరసాని చీరని ఊరంతటికీ తెలిసేది. మా అమ్మ కూలి డబ్బుతో, వాయిదాల మీద, మూట పట్టుకుని వాడకొచ్చే అతని దగ్గర మొదటి పూల చీర కొన్నది. ఆ చీర కొత్తది. ముందు ఎవరూ కట్టనిది. పది చీరల్లోంచి తాను ఏరుకున్నది. ఉతికితే రంగు దిగదు. రాత్రి ఉతికి దండెం మీద వేస్తే పొద్దున పనికి పోయే వేళకు ఆరిపోతుంది. రెండే చీరలున్న మనిషికి ఆ ఆరిపోవడం ఎంత పెద్ద సంగతో, గంజి పెట్టి ఇస్త్రీ చేసిన నేత చీర కట్టుకుని సెమినార్లకు వచ్చేవాళ్లకు చెబితే అర్థం కాకపోవచ్చు.

ఇక్కడ చేనేత మిత్రులు నన్ను ఆపుతారని తెలుసు. "పాలిస్టర్‌ను వెనకేసుకొస్తే మగ్గం చచ్చిపోదా?" అని. మగ్గం గురించి మనకు ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. వలస పాలన నాటి కులాల గ్రంథాలు తిరగేయండి, మాలల గురించి పొలం పనితో పాటు ముతక బట్ట నేయడం వృత్తిగా రాసి ఉంటుంది. ఆ మగ్గాలు ఎప్పుడో మూగబోయాయి. ఈ రోజు చేనేత వారసత్వం అని ముచ్చటించే సభల్లో ఆ మాల నేతగాళ్ల ఊసు ఎన్నిసార్లు విన్నారు? మన పద్మశాలీలు భీవండికి, షోలాపూర్‌కు, సూరత్‌కు వలసపోయారు. నేతగాడికి గిట్టుబాటు లేక, కూలి మనిషికి కొనే శక్తి లేక ఆ మధ్యలో మిల్లు బట్ట వచ్చింది. దానికి పూల చీర కట్టుకున్న ఆడమనిషి రుచి కారణమంటే ఎట్లా? తెలంగాణ దేశంలోనే పత్తి ఎక్కువ పండించే రాష్ట్రాల్లో ఒకటి. ఆ పత్తిని ఏరే మనిషి ఒంటి మీద పత్తి లేదు. ఇది ఆమె అభిరుచికి సంబంధించిన ప్రశ్న కాదు, ఆమె కూలికి సంబంధించిన ప్రశ్న.

3

"బాధ ఎక్కడుంది? ఇన్ని రంగులేమిటి?"

ఈ ప్రశ్న అడిగినవాళ్లు మంచి మనసుతోనే అడిగి ఉంటారు. అందుకే ఎక్కువ భయమేస్తుంది. ఒక దళిత విద్యార్థి వస్తే చెప్పులో, డప్పులో, చీపురో గీస్తుందని ముందే అనుకుని కూర్చున్నారు. ముదురు గోధుమ, బూడిద, నలుపు. కొంగు ముడిని గులాబీ రంగు మీద పసుపుతో వేస్తే వాళ్లకు లెక్క తప్పింది.

ఈ అమ్మాయికి కొంగు అనే ఆలోచన ఎక్కడ నుంచి వచ్చిందో నాకు తెలుసు. మా క్లాసు నుంచే. జయప్రభ 'పైటను తగలెయ్యాలి' కవితను, జూపాక సుభద్ర కొంగు మీద రాసిన కవితను నేను ఎప్పుడూ పక్కపక్కన పెట్టి చెబుతాను. పైట ఆడదాని మీద మోపిన సిగ్గు అని ఒక కవయిత్రి అన్నది, అది నిజం. సుభద్ర వచ్చి, మా కొంగు వేరు, అది మాతో పాటు పనికి వచ్చేది అని నిలబడింది, అదీ నిజం. ఒకే బట్ట ముక్క ఇద్దరు ఆడవాళ్లకు రెండు రకాలైంది. ఎందుకైందో చెప్పాలంటే కులం ఎత్తాలి. పదిహేనేళ్లుగా దళిత స్త్రీ కవిత్వం చదువుతున్న నాకు, ఆ పాఠం ఒక అమ్మాయి చేతిలో ఏడు ముళ్ల ప్రింట్ కావడం చూస్తే పాఠం చెప్పినందుకు ఫలితం దక్కిందనిపించింది.

మన వైపు నుంచి కూడా ఒక సణుగుడు ఉంటుంది. "ఉద్యమానికి ఫ్యాషన్ ఎందుకు చెల్లీ? ఆకలి, భూమి, ఉద్యోగం, ఇవి కదా మన సమస్యలు." ఇట్లా అనే అన్నలకు ఒక తేదీ గుర్తు చేస్తాను. 1927 డిసెంబర్, మహద్. మనుస్మృతిని తగలబెట్టిన సభ అది. అదే సభ దగ్గర బాబాసాహెబ్ ఆడవాళ్లను ప్రత్యేకంగా కూర్చోబెట్టి మాట్లాడాడు. దేని గురించి? చీర కట్టు గురించి. మీరు చీర కట్టే తీరు, మీ వెండి నగల తీరు చూసి మీరు అంటరానివాళ్లని గుర్తుపడుతున్నారు, ఆ గుర్తును తీసేయండి అన్నాడు. మనుస్మృతిని కాల్చిన చేతితోనే చీర కుచ్చిళ్ల సంగతి ముట్టుకోవడం ఆయనకు చిన్నతనమనిపించలేదు. రెండూ ఒకే పని అని ఆయనకు తెలుసు. ఆయన సూటు గురించి నేను వేరే చెప్పాలా? ప్రతి వాడలో నిలబడి ఉంది, నీలం రంగులో.

బాధ మనకు ఉంది. ఎవరూ కాదనడం లేదు. కానీ బాధను చూపిస్తేనే లోపలికి రానిస్తామంటే, అది కూడా ఒక గేటే.

4

ఇప్పుడు సినిమా దగ్గరికి వద్దాం.

ఫ్యాషన్ ఫిల్మ్ పాత ప్రక్రియ కాదు. నిక్ నైట్ అనే ఫొటోగ్రాఫర్ 2000లో లండన్‌లో షోస్టూడియో అనే వెబ్‌సైట్ మొదలుపెట్టాక దానికంటూ ఒక చోటు దొరికింది. కథ ఉండక్కర్లేదు, మాట ఉండక్కర్లేదు. బట్ట కదలాలి, ఆ కదలిక చూసినవాళ్లకు ఆ మనిషిలా ఉండాలనిపించాలి. ఇప్పుడు ప్రతి బ్రాండ్ ఇన్‌స్టాగ్రామ్‌లో ఇవే.

మన దేశపు చేతిపని బట్టల మీద తీసేవాటిని వరసగా పది చూడండి. ఒకటే వరస కనిపిస్తుంది. మగ్గం చప్పుడు. నెమ్మదిగా ఎగిరే బట్ట. ముడతలు పడిన ముసలి చేతులు, గోళ్లకు రంగు. ఆ చేతుల తర్వాత కోటలోనో, పాత హవేలీలోనో నడిచే ఒక మోడల్. చేతులు ఎవరివో వాళ్ల ముఖం మనకు చూపించరు. ముఖం చూపించిన మనిషి చేతులు ఏ పనీ చేయవు. బట్టను తయారు చేసినవాళ్లు, బట్టను తొడుక్కున్నవాళ్లు ఒకే సినిమాలో ఉన్నా ఒకే ఫ్రేములో ఉండరు.

మా అమ్మాయి నాలుగు నిమిషాల సినిమా తీసింది. ఐదుగురు ఆడవాళ్లు, అందులో వాళ్ల అమ్మ ఒకరు. చీరల మూట విప్పుతారు. ఏరుకుంటారు. బేరమాడతారు, ఆ బేరమే సినిమాకు సంగీతం. చీర కట్టుకుని, దాని మీద ఈ కొత్త అంగి తొడుక్కుని, గుండీలు పెట్టుకుని, చేను గట్టు మీద నడిచి వచ్చి కెమెరాకు ఎదురుగా నిలబడతారు. అంతే. సినిమా మొత్తంలో ఎవరూ ఒక్క పత్తి దూది కూడా ఏరరు. ఆమె కావాలనే అలా తీసింది. "వీళ్లు పని చేయని నాలుగు నిమిషాలు తీయాలి" అని నోట్‌బుక్‌లో మొదటి పేజీలోనే రాసి పెట్టుకుంది.

షూటింగ్‌కు ముందు అమ్మ ఏమన్నదో కూడా రాసుకుంది. "అంగి తొడుక్కుంట గని బిడ్డా, లోపల కొత్త చీర కడ్త. పాత చీరల నన్ను దునియకు సూపెడ్తవా?" ఫ్యాషన్ అంటే ఏమిటో ఈ తల్లి కంటే బాగా చెప్పే పాఠ్యపుస్తకం నాకు దొరకలేదు.

దీన్ని చూసి డాక్యుమెంటరీ అన్నారు. ఎవరూ పని చేయడం లేదు, ఎవరూ కష్టం చెప్పుకోవడం లేదు, వెనక నుంచి ఏ గొంతూ ఏమీ వివరించడం లేదు. డాక్యుమెంటరీ ఎట్లా అయింది? ఆ ఐదుగురి ఒంటి రంగు, ఎండకు మాడిన ముఖాలు, వాళ్ల వయసు, వాళ్ల ఊరు. ఇవి కాక ఇంకే కారణం నాకు కనిపించలేదు. జ్యూరీ ఇచ్చిన సలహా చూస్తే సంగతి ఇంకా తేటపడుతుంది: ఒక ప్రొఫెషనల్ మోడల్‌కు ఆ అంగి తొడిగి ముందు నిలబెట్టు, ఈ ఆడవాళ్లను వెనక చేనులో పత్తి ఏరుతూ ఉంచు, చేతుల క్లోజప్‌లు పెట్టు. అదే చేను, అదే అంగి, అదే ప్రింట్. మనిషి మారితే ఫ్యాషన్ అవుతుందట.

సాహిత్యం చదివినవాళ్లకు ఈ మాట కొత్త కాదు. 1995లో 'చిక్కనవుతున్న పాట' వచ్చినప్పటి రోజుల చర్చలు తెలిసినవాళ్లను అడగండి. మన కవిత్వాన్ని నినాదం అన్నారు. మన కథను అనుభవం అన్నారు. మన ఆత్మకథను సాక్ష్యం అన్నారు. కళ అనే మాట ఒక్కటి మాత్రం దాచిపెట్టుకున్నారు. డాక్యుమెంటరీ అనే మాట ఆ వరసలో తాజాది. డాక్యుమెంటరీ తక్కువ ప్రక్రియ కాదు, దాన్ని గౌరవించేదాన్నే. కానీ పెట్టిన పేరును బట్టే మార్కు పడుతుంది, మార్కును బట్టే ఉద్యోగం వస్తుంది.

5

ఇంతవరకు జ్యూరీని ప్రశ్నించాం. ఇప్పుడు మనల్ని మనం ప్రశ్నించుకోకపోతే ఈ రాత సగమే అవుతుంది.

పూల చీర కట్టుకున్న మనిషికి స్వేచ్ఛ ఇచ్చింది అన్నాను. తయారు చేసిన మనిషికి ఇచ్చిందా? సూరత్ మరమగ్గాల మీద ఒడిశా గంజాం నుంచి వచ్చిన వలస కూలీలు పన్నెండు గంటల షిఫ్టులు చేస్తున్నారు. అద్దకం మిల్లుల్లో వేడి, రసాయనాల వాసన. ఇళ్లలో కూర్చుని ఆ చీరలకు లేసులు, రాళ్లు అతికే ఆడవాళ్లకు ముక్క లెక్కన డబ్బు. పాలిస్టర్ ఏప్రిల్ ఎండలో ఒంటికి నిప్పులా ఉంటుంది, అది కట్టుకునేవాళ్లకు మనం చెప్పక్కర్లేదు. మట్టిలో కలవదు కూడా. నోట్‌బుక్‌లో ఇవన్నీ ఉన్నాయి. "నేను పాలిస్టర్‌ను పూజించడం లేదు. దాన్ని కట్టుకున్న మనిషిని తక్కువ చేసే చూపును ఒప్పుకోవడం లేదు" అని ఒక పేజీ చివర గీత గీసి రాసింది. ఈ రెండు వాక్యాల మధ్య తేడాను మన వాదనల్లో ఎప్పుడూ నిలుపుకోవాలి.

తేడా ఎక్కడుందో 2017లో మన ఆడవాళ్లే చూపించారు. తెలంగాణ ప్రభుత్వం ఆ ఏడాది బతుకమ్మ చీరలు పంచడం మొదలుపెట్టింది. నాణ్యత బాగాలేదని కొన్ని చోట్ల ఆడవాళ్లు వాటిని రోడ్డు మీద తగలబెట్టారు. ఉచితంగా ఇస్తే ఇంత పొగరా అన్నవాళ్లూ ఉన్నారు. వరసలో నిలబెట్టి చేతిలో పెట్టిన చీరకు, మూటలోంచి తాను ఏరుకున్న చీరకు తేడా తెలిసినవాళ్లే అట్లా చేయగలరు. రెండూ సింథటిక్కే కావచ్చు. ఒకదాంట్లో ఎంపిక ఉంది, ఇంకోదాంట్లో దానం ఉంది.

ఇక పేరు సంగతి. 2021లో సబ్యసాచి, హెచ్ అండ్ ఎం కంపెనీతో కలిసి ఒక కలెక్షన్ విడుదల చేశాడు. సంగానేరి అచ్చును తలపించే డిజైన్లు, కానీ చెక్క అచ్చుతో చేతితో అద్దినవి కావు. చేతివృత్తుల సంఘాలు బహిరంగ లేఖ రాశాయి. ఈ అవకాశంతో ఎంతమంది అద్దకం పనివాళ్లకు పని దొరికేదో కదా అని అడిగాయి. అడగాల్సిన ప్రశ్నే. ఆ ప్రశ్నను నేను ఇంకో మెట్టు కిందికి తీసుకెళ్తాను. చేతితో చేసినా సరే, సినిమా చివర పేర్లు పడేటప్పుడు ఎవరి పేర్లు పడుతున్నాయి? డైరెక్టర్, స్టైలిస్ట్, మేకప్, మోడల్, కెమెరా. అద్దిన మనిషి 'మాస్టర్ ఆర్టిజాన్' అనే ఒక్క మాటలో కలిసిపోతాడు. ఉతికిన మనిషి అందులో కూడా ఉండదు. భౌగోళిక గుర్తింపు ఊరి పేరును కాపాడుతుంది, మంచిదే. ఊళ్లో వాడలున్నాయన్న సంగతి ఆ సర్టిఫికెట్‌కు తెలియదు.

ఈ అమ్మాయి సినిమా చివర ఇరవై మూడు పేర్లు వేసింది. ఐదుగురు ఆడవాళ్ల పేర్ల పక్కన 'మోడల్' అని ఉంది. సబ్లిమేషన్ యూనిట్‌లో మిషన్ నడిపిన అబ్బాయి పేరు ఉంది. అంగీలు కుట్టిన టైలర్, కాజాలు తీసిన ఆమె, చీరల మూట తెచ్చిన ఆయన, అన్నం వండి పంపిన ఆమె. ఐదుగురికీ ఆ రోజు కూలి కాకుండా మోడల్ ఫీజు అని రాసి సంతకం పెట్టించుకుని డబ్బు ఇచ్చింది. తన స్కాలర్‌షిప్‌లోంచి ఇచ్చింది కాబట్టి ఎక్కువ కాదు. కానీ కాగితం మీద ఆ మాట ఉంది.

6

వచ్చే నెల ఆమె మళ్లీ జ్యూరీ ముందు నిలబడాలి. మోడల్‌ను మార్చి, కొంత అచ్చు పని కలిపి తెస్తే మంచి గ్రేడు వస్తుందని సూచన అందింది. ఏం చేయాలని నన్ను అడిగింది.

ధైర్యంగా ఉండు, మార్చకు అని చెప్పడం నాకు సులువు. నాకు ఉద్యోగం ఉంది. గ్రేడు పోతే పోయేది ఆమెది, బ్యాంకు లోను ఆమె పేరు మీద ఉంది. మన పిల్లలను ఎప్పుడూ పోరాటపు ముందు వరసలో నిలబెట్టి వెనక నుంచి చప్పట్లు కొట్టే అలవాటు మనలో కొందరికి ఉంది. ఆ అలవాటు నాకు ఇష్టం లేదు. అందుకని ఆమెకు మూడే మాటలు చెప్పాను. మూల్యాంకనం దేని మీద చేస్తారో రాతపూర్వకంగా అడుగు. ఫ్యాషన్ ఫిల్మ్‌కు, డాక్యుమెంటరీకి తేడా ఏమిటో నీ సిలబస్‌లో ఎక్కడుందో చూపించమని అడుగు. సంస్థలో ఎస్సీ ఎస్టీ సెల్ ఉంటే ఆ లేఖ ప్రతి అక్కడ కూడా ఇవ్వు. గొడవ పడాల్సిన అవసరం లేదు, కాగితం అడిగితే చాలు. నోటి మాటగా వచ్చే 'మా అభిరుచికి తగలలేదు' అనేది కాగితం మీదకు రావడానికి చాలా ఇబ్బంది పడుతుంది.

ఆమె నాలుగు పేజీల లేఖ పంపింది. ఇది రాసే నాటికి జవాబు రాలేదు. సినిమాలో మనుషులను మాత్రం మార్చనని చెప్పింది. అది నా సలహా కాదు, ఆమె నిర్ణయం. "వాళ్లను మారిస్తే అమ్మకు ఏం చెప్పాలి మేడం?" అన్నది.

డిజైన్, సినిమా, ఫొటోగ్రఫీ, జర్నలిజం చదువుతున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నాది ఒక్క విన్నపం. మీ ప్రాజెక్టుల చివర పేర్లు పూర్తిగా వేయండి. ఎవరు కోశారు, ఎవరు ఉతికారు, ఎవరు మోశారు, అందరివీ. మీ అమ్మను, అక్కను తీస్తే వాళ్లను అడిగి, వాళ్లు కోరుకున్న బట్టలో తీయండి. మీ రంగులు ఎక్కువయ్యాయని ఎవరైనా అంటే, ఎంత ఉంటే సరిపోతుందో కొలత చెప్పమనండి.

తెలుగు శాఖల్లో ఉన్న నాలాంటివాళ్లకు ఇంకో మాట. మన వాళ్లు ఏం రాశారో పాఠం చెబుతున్నాం, బాగానే ఉంది. మన వాళ్లు ఏం కట్టుకున్నారో, ఎందుకు కట్టుకున్నారో, ఎవరు కట్టుకోనివ్వలేదో కూడా పాఠంలోకి రావాలి. మీ ఇంట్లో మొదటి కొత్త చీర ఎవరు, ఎప్పుడు, ఎంతకు కొన్నారో అడిగి కింద వ్యాఖ్యల్లో రాయండి. అమ్మమ్మ, నానమ్మ ఉన్నవాళ్లు ఈ వారమే అడగండి. మీరు రాసినవన్నీ కలిపి వచ్చే భాగం చేస్తాను.

జై భీమ్.